స్పానిష్ ఆత్మార్థక క్రియల ఫలరూపం: పురుషబోధపై తెలుగుతో ఒక తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
స్పానిష్ భాషలో ఆత్మార్థక క్రియలు సర్వనామాన్ని వెంటబెట్టుకొని నడుస్తాయి. షరతు నెరవేరితే కలిగే ఫలితాన్ని తెలిపే క్రియారూపంలో ఉత్తమ పురుష ఏకవచనానికీ ప్రథమ పురుష ఏకవచనానికీ ప్రత్యయభేదం లేదు. అందువల్ల పురుషను తెలిపే భారంలో అధికభాగం సర్వనామం మీద పడుతుంది. తెలుగులో ఈ ఏర్పాటు తలకిందులుగా ఉంది. ఆత్మార్థాన్ని తెలిపే 'కొను' ఏ పురుషలోనైనా మారదు, పురుషభేదాన్ని క్రియాంతం చెబుతుంది. ఈ వ్యత్యాసానికి గల చారిత్రక కారణాలనూ, వాక్యప్రయోగంలో దాని పర్యవసానాలనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: స్పానిష్ వ్యాకరణం, ఆత్మార్థక క్రియలు, ఫలరూపం, చేదర్థకం, పురుషబోధ, తులనాత్మక వ్యాకరణం.

1. ఉపోద్ఘాతం:
తెలుగువారికి స్పానిష్ భాషతో పరిచయం నేడు రెండు మార్గాల్లో ఏర్పడుతోంది. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం వంటి సంస్థల్లో స్పానిష్ బోధన జరుగుతోంది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు పాఠశాలలో రెండవ భాషగా స్పానిష్ ఎదురవుతోంది. ఈ రెండు చోట్లా వ్యాకరణ వివరణ ఎక్కువగా ఆంగ్లం ద్వారానే సాగుతుంది. ఆంగ్లంలో ఆత్మార్థక క్రియల వాడుక పరిమితం. 'కూర్చొను', 'పడుకొను', 'దువ్వుకొను', 'వెళ్ళిపోవు' వంటి క్రియలను పుట్టుకతో వాడే తెలుగు అభ్యాసకునికి ఆ వివరణ అవసరం లేని దారిమళ్ళింపు అవుతుంది. స్పానిష్ క్రియను నేరుగా తెలుగు క్రియతో పోల్చితే కొన్ని చిక్కులు విడిపోతాయి. మరికొన్ని చిక్కులు ఎక్కడ పుడుతున్నాయో స్పష్టమవుతుంది.

2. పరిభాష, లిప్యంతరీకరణ:
స్పానిష్ వ్యాకరణంలో 'కండిషనల్' అన్న పేరు తెలుగు వ్యాకరణం చదివినవారికి చేదర్థకాన్ని స్ఫురింపజేస్తుంది. కాని చేదర్థకం షరతును చెప్పే ఉపవాక్యానికి చెందినది: 'వస్తే', 'ఉంటే', 'తెలిసి ఉంటే'. స్పానిష్‌లో ఆ పేరు గల క్రియారూపం షరతు పక్కన ఉండదు, దాని ఫలితాన్ని చెప్పే ప్రధాన వాక్యంలో ఉంటుంది. 'తెలిసి ఉంటే వెళ్ళిపోయేవాణ్ణి' అన్న వాక్యంలో 'వెళ్ళిపోయేవాణ్ణి' అన్న పదానికి అది సమానం. ఈ గందరగోళాన్ని తొలగించడానికి ఆ రూపాన్ని ఇక్కడ 'ఫలరూపం' అని వ్యవహరించడమైనది.

స్పానిష్ పదాలన్నీ ఉచ్చారణను అనుసరించి తెలుగు లిపిలో ఇవ్వబడ్డాయి. స్పానిష్‌లో హ్రస్వదీర్ఘ భేదం లేదు. ఇక్కడి దీర్ఘం ఊనిక పడే అచ్చును సూచిస్తుంది. మె, తె, సె, నొస్, ఒస్ అన్న ఆత్మార్థక సర్వనామాలకు సొంత ఊనిక లేదు కనుక అవి హ్రస్వాలుగానే ఉంటాయి.

3. ఫలరూప నిర్మాణం, చరిత్ర:
స్పానిష్ ఫలరూపం నిర్మాణంలో చాలా సులభం. తుమున్నర్థకానికి సమానమైన మూలరూపాన్ని పూర్తిగా ఉంచి, దానికి ప్రత్యయం చేర్చాలి. 'ఉండిపోవు' అన్న అర్థం గల క్రియ 'కెదార్సె'. ఇందులో 'కెదార్' మూలరూపం, 'సె' సర్వనామం. మూలరూపానికి ఈయ, ఈయస్, ఈయ, ఈయమొస్, ఈయైస్, ఈయన్ అన్న ఆరు ప్రత్యయాలు వరుసగా చేరుతాయి. అర్, ఎర్, ఇర్ అంతాలు గల మూడు క్రియాగణాలకూ ఇవే ప్రత్యయాలు. పొనేర్, అసేర్, తెనేర్, సలీర్ మొదలైన పన్నెండు క్రియల్లో మాత్రం మూలరూపం కుదించుకుపోతుంది. 'పొనేర్' అన్నది 'పొంద్రీయ' అవుతుంది, 'అసేర్' అన్నది 'అరీయ' అవుతుంది. వీటి నుంచి పుట్టిన ఉపసర్గ క్రియలూ అదే దారిలో నడుస్తాయి.

ఈ ప్రత్యయాల పుట్టుక గమనింపదగినది. లాటిన్‌లో 'కలిగి ఉండు' అన్న అర్థం గల క్రియ స్పానిష్‌లో 'అబేర్' అయింది. మూలరూపానికి దాని వర్తమాన రూపాలు చేరగా భవిష్యత్తు ఏర్పడింది. దాని అసంపూర్ణ భూతకాల రూపాలు చేరగా ఫలరూపం ఏర్పడింది. అంటే ఫలరూపం భూతకాలంలో నిలబడి చూసిన భవిష్యత్తు. ఇలా క్రియను విడదీసి చూసే దృష్టి 1492లో వెలువడిన అంతోనియొ దె నెబ్రిహ వ్యాకరణంలోనే కనిపిస్తుంది. 1847లో అంద్రేస్ బెయ్యొ తన వ్యాకరణంలో ఈ రూపానికి 'భూతానంతర కాలం' అన్న అర్థమిచ్చే పేరు పెట్టాడు. స్పానిష్ రాజ అకాడమీ దీనిని చాలాకాలం ప్రత్యేక క్రియార్థంగా లెక్కించి, 1973 నాటి ముసాయిదా వ్యాకరణంలో నిశ్చయార్థక కాలాల్లో చేర్చింది.

సంస్కృత వ్యాకరణం తెలిసినవారికి ఇక్కడ లృఙ్ లకారం గుర్తుకు రావాలి. పాణిని క్రియాతిపత్తి అర్థంలో, అంటే జరగవలసిన క్రియ జరగకుండా పోయినప్పుడు, లృఙ్‌ను విధించాడు. 'అభవిష్యత్' అన్న రూపంలో భవిష్యత్ ధాతురూపానికి భూతకాల చిహ్నమైన అకారం, భూతకాల ప్రత్యయం చేరాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండు భాషలూ భవిష్యత్తుకు భూతాన్ని జోడించి ఊహాఫలితాన్ని చెప్పే మార్గం కనుగొన్నాయి. అయితే లృఙ్ షరతు వాక్యంలోనూ ఫలిత వాక్యంలోనూ వస్తుంది. ప్రామాణిక స్పానిష్‌లో ఫలరూపం ఫలిత వాక్యానికే పరిమితం. స్పెయిన్ ఉత్తర భాగంలో, ముఖ్యంగా బాస్క్ ప్రాంతంలోనూ దాని పొరుగునా, షరతు వాక్యంలో కూడా ఫలరూపాన్ని వాడే వ్యవహారం ఉన్నా ప్రామాణిక భాష దానిని అంగీకరించదు.

4. సర్వనామ స్వరూపం, స్థానం:
ఆత్మార్థక సర్వనామం కర్తను అనుసరించి మారుతుంది, క్రియకు ముందు నిలుస్తుంది. 'కెదార్సె' క్రియ ఫలరూపాలూ వాటి తెలుగు సమానార్థకాలూ ఇవి:

మె కెదరీయ - (నేను) ఉండిపోయేవాణ్ణి, ఉండిపోయేదాన్ని
తె కెదరీయస్ - (నువ్వు) ఉండిపోయేవాడివి, ఉండిపోయేదానివి
సె కెదరీయ - (అతడు) ఉండిపోయేవాడు, (ఆమె) ఉండిపోయేది
నొస్ కెదరీయమొస్ - (మేము, మనం) ఉండిపోయేవాళ్ళం
ఒస్ కెదరీయైస్ - (మీరు) ఉండిపోయేవాళ్ళు
సె కెదరీయన్ - (వాళ్ళు) ఉండిపోయేవాళ్ళు

గౌరవవాచకమైన 'ఉస్తేద్' అర్థంలో 'మీరు' అయినా వ్యాకరణంలో ప్రథమ పురుష. కాబట్టి దానికి 'సె కెదరీయ' అనే రూపమే వస్తుంది. లాటిన్ అమెరికాలో 'ఒస్' వాడుకలో లేదు. అక్కడ బహువచన 'మీరు'కు 'సె కెదరీయన్' అంటారు.

నిషేధార్థక 'నో' సర్వనామానికి ముందు వస్తుంది: నో మె కెదరీయ. సమాపక క్రియగా ఉన్న ఫలరూపానికి సర్వనామాన్ని చివర తగిలించడం నేటి భాషలో కుదరదు. ఫలరూపం తరువాత మరొక క్రియ మూలరూపంలో ఉంటే రెండు స్థానాలు సాధ్యం: 'పొద్రీయ కెదార్మె', 'మె పొద్రీయ కెదార్'. రెండింటికీ 'నేను ఉండిపోగలను' అన్న సంభావనార్థమే. కాని 'మె గుస్తరీయ కెదార్మె' (ఉండిపోవాలని నాకు ఇష్టం) అన్న వాక్యంలో మొదటి 'మె' ఆత్మార్థకం కాదు. అది 'నాకు' అన్న చతుర్థి. అందుకే అక్కడ రెండు సర్వనామాలూ కావాలి. తెలుగులోని 'నాకు ఇష్టం' అన్న వాక్యనిర్మాణంతో ఇది సరిగ్గా సరిపోతుంది.

సర్వనామం ఎప్పుడూ క్రియకు ముందే ఉండేది కాదు. మధ్యయుగపు స్పానిష్‌లో ఊనిక లేని సర్వనామం సాధారణంగా వాక్యారంభంలో నిలిచేది కాదు. క్రియతో వాక్యం మొదలైతే సర్వనామం మూలరూపానికీ ప్రత్యయానికీ నడుమ చేరేది. మూలరూపం, సర్వనామం, ఆ వెనుక 'ఈయ' అన్న వరుస ఉండేది. ప్రత్యయం ఒకప్పుడు స్వతంత్ర క్రియ అనడానికి ఇంతకంటె బలమైన ఆధారం అక్కరలేదు. స్పానిష్‌లో ఈ అమరిక 17వ శతాబ్దం నాటికి కనుమరుగైంది. ఐరోపా పోర్చుగీసు లిఖిత భాషలో నేటికీ నిలిచి ఉంది.

5. పురుషబోధ ఎక్కడ ఉంది?
పై జాబితాలో మొదటి, మూడవ రూపాలను పోల్చాలి. స్పానిష్‌లో రెండు చోట్లా క్రియ 'కెదరీయ' మాత్రమే. దీనికి ధ్వని పరిణామం కారణం. లాటిన్‌లో ఉత్తమ పురుష 'హబేబమ్', ప్రథమ పురుష 'హబేబత్'. చివరి హల్లులు లోపించడంతో రెండూ 'అబీయ' అయ్యాయి. ఆ 'అబీయ' నుంచే ఫలరూప ప్రత్యయం వచ్చింది కనుక ఆ లోపం ఇక్కడికీ సంక్రమించింది. ఫలితంగా, సర్వనామం అవసరం లేని 'త్రబహార్' (పనిచేయు) వంటి క్రియలో 'త్రబహరీయ' అని ఒంటరిగా అంటే 'నేను పనిచేసేవాణ్ణి' అనీ, 'ఆమె పనిచేసేది' అనీ రెండు అర్థాలు వస్తాయి. 'యో' (నేను), 'ఏయ' (ఆమె) వంటి కర్తృపదంతోనో, సందర్భంతోనో నిర్ణయించాలి. 'మె కెదరీయ', 'సె కెదరీయ' అన్నప్పుడు ఆ సందిగ్ధత ఉండదు. ప్రత్యయం పోగొట్టుకున్నదానిని సర్వనామం తిరిగి ఇస్తుంది.

తెలుగులో 'ఉండిపోయేవాణ్ణి', 'ఉండిపోయేవాడు' అన్న రూపాల్లో తేడా అంతా చివర ఉంది. 'ఉండిపోయే' అన్న విశేషణరూపానికి 'వాడు', 'అది' వంటి సర్వనామం చేరి, దానికి పురుష ప్రత్యయం కలిసింది. అంటే తెలుగు రూపంలోనూ సర్వనామం ఉంది. స్పానిష్‌లో ముందు నిలిచేది తెలుగులో తోకలో నిలిచింది. అదీగాక తెలుగు క్రియాంతం లింగాన్నీ చెబుతుంది, స్పానిష్ ఫలరూపం చెప్పదు. ఇక 'దువ్వుకునేవాణ్ణి', 'దువ్వుకునేవాడివి', 'దువ్వుకునేవాడు' అన్న వరుసలో ఆత్మార్థాన్ని తెలిపే 'కొను' మూడింటిలోనూ మారలేదు.

తెలుగు అభ్యాసకుడు 'సె' అన్నదానిని 'కొను'కు పర్యాయంగా భావించే ప్రమాదం ఇక్కడే ఉంది. నిఘంటువులో క్రియలన్నీ కెదార్సె, సెంతార్సె (కూర్చొను), అకొస్తార్సె (పడుకొను) అని 'సె'తోనే కనిపించడం ఆ భావనను బలపరుస్తుంది. అప్పుడు 'యో సె కెదరీయ' అన్న అసాధు రూపం పుడుతుంది. వర్తమానంలో ఈ తప్పు చేసినా క్రియాంతం కర్తను కాపాడుతుంది. ఫలరూపంలో క్రియాంతం మౌనంగా ఉంటుంది. 'యో' అన్న పదం కూడా వదిలివేస్తే, వినేవారికి 'అతడు ఉండిపోయేవాడు' అన్న వేరే అర్థం అందుతుంది. అది తప్పుగా కూడా వినిపించదు. అభ్యాసకుని పొరపాటు అతనికి తెలియకుండానే సరైన మరో వాక్యమైపోతుంది.

అయితే సర్వనామం ఒక్కటే అన్ని సందర్భాల్లో సందిగ్ధతను తీరుస్తుందని చెప్పడం సరికాదు. 'ఉండిపోవు', 'వెళ్ళిపోవు' వంటి అకర్మక క్రియల్లో ఆ మాట నిజం. సకర్మక క్రియల్లో చిక్కు మిగులుతుంది. 'పెయినార్సె' అంటే తల దువ్వుకొను. 'మె పెయినరీయ' అంటే 'నేను తల దువ్వుకునేదాన్ని' అని ఒక అర్థం. 'ఆమె నాకు తల దువ్వేది' అని మరొక అర్థం. రెండవ అర్థంలో 'మె' కేవలం కర్మ. వర్తమానంలో 'మె పేయినొ' (దువ్వుకుంటాను), 'మె పేయిన' (నాకు దువ్వుతుంది) అని క్రియాంతం రెండింటినీ వేరుచేస్తుంది. ఫలరూపంలో ఆ ఆసరా లేదు. తెలుగులో మాత్రం 'కొను' ఉండడం, లేకపోవడం ఈ భేదాన్ని వెంటనే తేల్చివేస్తుంది.

దీనిని బట్టి ఒక ముఖ్యమైన నిర్ణయానికి రావచ్చు. తెలుగులో ఆత్మార్థం ఒక పదాంశంలో ఉంది. స్పానిష్‌లో, ముఖ్యంగా ఉత్తమ, మధ్యమ పురుషల్లో, అది ఏ పదంలోనూ విడిగా లేదు. సర్వనామానికీ కర్తకూ కుదిరే పొంతనలో ఉంది. ఆ పొంతనను చూపే రెండు కొసల్లో ఒకటైన క్రియాంతం ఫలరూపంలో మసకబారింది. కనుకనే ఈ రూపంలో ఆత్మార్థక క్రియ ప్రత్యేక శ్రద్ధను కోరుతుంది.

స్పానిష్ మాతృభాషగా గలవారి వ్యవహారం నుంచి కూడా దీనికి కొంత బలం దొరుకుతుంది. కొన్ని ప్రాంతాల జనసామాన్య భాషలో ఉత్తమ పురుష బహువచనంలో 'నొస్'కు బదులు 'సె' వినిపిస్తుంది. అక్కడ 'మొస్' అన్న క్రియాంతం పురుషను నిస్సందేహంగా చెబుతుంది కాబట్టి సర్వనామం స్థిరపడిపోయినా అర్థం చెడదు. ఏకవచన ఫలరూపానికి ఆ వెసులుబాటు లేదు.

6. 'సె' చేసే ఇతర పనులు:
'సె' కనిపించిన ప్రతిచోటా 'కొను' పెట్టి అనువదించడం పొరపాటు. దాని అర్థాలను తెలుగు వేర్వేరు సాధనాలతో చెబుతుంది.

అ) స్వవిషయక క్రియ: సె పెయినరీయ - తల దువ్వుకునేది. ఇక్కడ 'కొను' సరిపోతుంది.
ఆ) పరస్పర క్రియ: నొస్ ఎస్క్రిబిరీయమొస్ - ఉత్తరాలు రాసుకునేవాళ్ళం. తెలుగులోనూ 'కొను' ఈ పనిచేయడం గమనార్హం.
ఇ) స్థితి మార్పు: 'దొర్మీర్' నిద్రించు, 'దొర్మీర్సె' నిద్రపోవు, 'ఇర్' వెళ్ళు, 'ఇర్సె' వెళ్ళిపోవు. ఇక్కడ 'పోవు' అన్న సహాయక క్రియ 'సె'కు చాలా దగ్గరగా ఉంటుంది. ఆంగ్లం ద్వారా నేర్చుకునేవారికి కష్టమయ్యే 'ఇరీయ', 'మె ఇరీయ' భేదం తెలుగువారికి 'వెళ్ళేవాణ్ణి', 'వెళ్ళిపోయేవాణ్ణి' అన్న భేదంగా సులభంగా అందుతుంది.
ఈ) నిత్య సర్వనామ క్రియ: అర్రెపెంతీర్సె - పశ్చాత్తాపపడు. సర్వనామం లేకుండా ఈ క్రియ లేదు. తెలుగులో 'పడు' ఆ స్థానంలో ఉంది.
ఉ) కర్మణి, అకర్తృక ప్రయోగం: సె బెందెరీయ - అమ్ముడుపోయేది. సె దిరీయ - అన్నట్లు ఉంటుంది, అనవచ్చు. ఇందులో 'సె' ఎన్నడూ మె, తె కాదు.

మరొక 'సె' కూడా ఉంది. 'లె' (అతనికి), 'లొ' (దానిని) పక్కపక్కన వస్తే మొదటిది 'సె' అవుతుంది. 'సె లొ పొంద్రీయ' అన్న వాక్యానికి 'అతడు దానిని తొడుక్కునేవాడు' అనీ, 'నేను దానిని అతనికి తొడిగేవాణ్ణి' అనీ అర్థాలు చెప్పవచ్చు. 'యో' చేరిస్తే రెండవది మాత్రమే నిలుస్తుంది. 'నేను తొడుక్కునేవాణ్ణి' అనాలంటే 'మె లొ పొంద్రీయ' అనాలి. 'తొడుగు', 'తొడుక్కొను' అన్న తెలుగు జంట ఈ తేడాను ఏ సందేహానికీ తావు లేకుండా చూపుతుంది.

7. వాక్య సందర్భాలు:
7.1 షరతు వాక్యం: 'సి తుబియేర తియేంపొ, మె కెదరీయ' - సమయం ఉంటే ఉండిపోయేవాణ్ణి. 'సి లొ ఉబియేర సబీదొ, మె అబ్రీయ ఈదొ' - ఆ సంగతి తెలిసి ఉంటే వెళ్ళిపోయేవాణ్ణి. మొదటిది ఇప్పటి సంగతి, రెండవది గడిచిపోయినది. తెలుగులో ఫలితాన్ని చెప్పే క్రియ రెండింటిలోనూ ఒకే రూపంలో ఉంది. స్పానిష్ గతానికి 'అబ్రీయ'తో కూడిన సంయుక్త రూపాన్ని కోరుతుంది. సర్వనామం 'అబ్రీయ'కు ముందు నిలుస్తుంది. 'ఈదొ' స్త్రీ కర్త అయినా మారదు. 'అబ్రీయ'కు బదులు 'ఉబియేర' వాడినా సాధువే. సమయం దొరికే అవకాశం నిజంగా ఉంటే ఫలరూపం రాదు. అప్పుడు తెలుగులో 'సమయం ఉంటే ఉండిపోతాను' అన్నట్లే స్పానిష్‌లో వర్తమానమో భవిష్యత్తో వస్తుంది.

తెలుగు రూపానికి భూతకాల అలవాటు అర్థం కూడా ఉంది: 'రోజూ అక్కడే ఉండిపోయేవాణ్ణి'. దీనికి స్పానిష్‌లో 'మె కెదాబ' అనే అసంపూర్ణ భూతం వాడాలి. ఒకే తెలుగు రూపం వెనుక రెండు స్పానిష్ రూపాలు ఉన్నాయన్న స్పృహ అవసరం.

7.2 పరోక్ష కథనం: ఫలరూపం భూతంలో నిలబడిన భవిష్యత్తు అన్న చారిత్రక సత్యం ఇక్కడ సజీవంగా ఉంది. 'దీహొ కె సె ఇరీయ' - వెళ్ళిపోతానని చెప్పాడు. తెలుగులో 'అని'కి ముందున్న 'వెళ్ళిపోతాను' వక్త పలికిన ఉత్తమ పురుషనే నిలుపుకుంటుంది. స్పానిష్ దానిని ప్రథమ పురుషగా మార్చుతుంది. తెలుగు క్రమాన్ని అనుసరించి 'దీహొ కె మె ఇరీయ' అంటే వెళ్ళేది చెప్పినవాడు కాదు, ఈ మాట ఇప్పుడు పలుకుతున్నవాడు. క్రియ 'ఇరీయ' రెండింటిలోనూ ఒకటే. వాక్యంలో మనిషినే మార్చివేసేది ఒక్క అక్షరం. 'తాను వెళ్ళిపోతానని చెప్పాడు' అన్న వాక్యంలోని 'తాను'ను మనసులో ఉంచుకొని, ఆ 'తాను' ఉన్నచోట 'సె' రావాలని గుర్తుంచుకోవడం ఈ సందర్భంలో మేలైన మార్గం.

7.3 గతాన్ని గురించిన ఊహ: 'సె ఇరీయ తెంప్రానొ' - పెందలాడే వెళ్ళిపోయి ఉంటాడు. ఇక్కడ షరతు లేదు, జరిగినదాని గురించి అంచనా ఉంది. ఇలా 'సె ఇరీయ' అన్న ఒక్క రూపానికి 'వెళ్ళిపోయేవాడు', 'వెళ్ళిపోతానని', 'వెళ్ళిపోయి ఉంటాడు' అన్న మూడు తెలుగు అనువాదాలు అవసరమవుతున్నాయి.

7.4 సలహా: 'యో కె తూ, మె కెదరీయ' - నీ స్థానంలో నేనుంటే ఉండిపోయేవాణ్ణి. సలహా ఇచ్చేది ఇతరునికి అయినా, క్రియకు కర్త వక్తే. సర్వనామం 'తె' కాకుండా 'మె' కావడానికి కారణం అదే.

8. బోధనకు సూచనలు:
ఫలరూపాన్ని బోధించేటప్పుడు ప్రత్యయాల పట్టికను విడిగా, సర్వనామాల పట్టికను విడిగా కంఠస్థం చేయించడం కంటె 'మె ఇరీయ', 'తె ఇరీయస్', 'సె ఇరీయ' అని జంటగా నేర్పడం మంచిది. అభ్యాసం 'ఇర్సె', 'కెదార్సె' వంటి అకర్మక క్రియలతో మొదలై, సందిగ్ధతకు తావిచ్చే 'పెయినార్సె' వంటి సకర్మక క్రియల వైపు సాగాలి. పరోక్ష కథనాన్ని షరతు వాక్యాల తరువాత ప్రత్యేక పాఠంగా చెప్పాలి. 'అని' వాక్యాలను స్పానిష్‌లోకి మార్చే అభ్యాసం తెలుగు విద్యార్థులకు తప్పనిసరి. ఆంగ్ల పాఠ్యగ్రంథాల్లో ఆ అవసరమే తలెత్తదు కనుక ఆ పని తెలుగు తెలిసిన అధ్యాపకులే చేయాలి.

9. ముగింపు:
- స్పానిష్ ఫలరూపం మూలరూపానికి 'అబేర్' క్రియ అసంపూర్ణ భూతం చేరడం వల్ల ఏర్పడింది. భవిష్యత్తుకు భూతాన్ని జోడించే ఈ పద్ధతి సంస్కృత లృఙ్ నిర్మాణంతో పోల్చదగినది.
- లాటిన్ అంత్యహల్లుల లోపం వల్ల ఉత్తమ, ప్రథమ పురుష ఏకవచనాలు ఒకటయ్యాయి. అకర్మక ఆత్మార్థక క్రియల్లో సర్వనామం ఆ లోటును పూరిస్తుంది. సకర్మక క్రియల్లో కర్తృపదమో సందర్భమో తోడు కావాలి.
- తెలుగులో 'కొను' ఆత్మార్థాన్ని, క్రియాంతం పురుషను విడివిడిగా చెబుతాయి. స్పానిష్‌లో ఆత్మార్థం సర్వనామానికీ కర్తకూ ఉన్న పొంతన మీద ఆధారపడింది.
- 'సె' అర్థాలు తెలుగులో 'కొను', 'పోవు', 'పడు' మొదలైన సహాయక క్రియల మధ్య పంపిణీ అయ్యాయి. వీటిలో 'పోవు'తో ఉన్న సామ్యం బోధనకు ఎంతో ఉపకరిస్తుంది.
- తెలుగు అభ్యాసకునికి అత్యంత ప్రమాదకరమైన స్థానం 'అని'తో కూడిన పరోక్ష కథనం. అక్కడ సర్వనామం తప్పితే వాక్యం వ్యాకరణయుక్తంగానే ఉంటుంది, మనిషి మాత్రం మారిపోతాడు.